వెన్నుపాము మీద రక్తపు గడ్డ: చిన్న రంధ్రంతో పోయేదానికి ఇంత పెద్ద కోత కోశారా?

సాయంత్రపుగాలి
మా నాన్నగారికి 71 ఏళ్లు. గుండె లయ తప్పుతోందని రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడుతున్నారు. పోయిన నెల ఒక సాయంత్రం ఉన్నట్టుండి రెండు భుజాల మధ్య, వెన్ను మీద పొడిచినట్టు నొప్పి అన్నారు. గుండెపోటేమోనని ఆస్పత్రికి పరిగెత్తాం. ఈసీజీ బాగానే ఉంది. కాసేపటికి కాళ్లు బరువెక్కాయన్నారు. రాత్రి పదికల్లా కుడికాలు ఎత్తలేకపోయారు, మూత్రం కూడా ఆగిపోయింది. ఎంఆర్ఐ తీస్తే ఛాతీ వెనక పూసల్లో టి3 నుంచి టి6 దాకా వెన్నుపాము వెనక రక్తం చేరి నొక్కుతోందని తేలింది. స్పైనల్ ఎపిడ్యూరల్ హెమటోమా అన్నారు. మాతో సంతకాలు పెట్టించుకుని తెల్లారేలోపు లామినెక్టమీ (పూసల వెనక ఎముక తీసేసే ఆపరేషన్) చేసేశారు. వీపు మీద జానెడు కోత, నిండా స్టేపుల్స్.

ఇప్పుడు వాకర్‌తో నాలుగడుగులు వేస్తున్నారు. మూత్రం గొట్టం ఇంకా ఉంది. ఇంతలో మా బావగారు వచ్చి "ఈ రోజుల్లో ఇదంతా చిన్న రంధ్రంతో తీసేస్తారు, మిమ్మల్ని కంగారుపెట్టి కోసేశారు" అన్నారు. అప్పటినుంచి అమ్మకి నిద్రలేదు, నాకు ఒకటే టెన్షన్. నిజంగానే రంధ్రంతో అయ్యేదా? ఇంకో చోటికి తీసుకెళ్లాల్సిందా?

గడుగ్గాయి
ప్రతి ఇంట్లో ఒక బావగారు ఉంటారు. ఆపరేషన్ అయ్యాకే వస్తారు.

పదునుకత్తి
న్యూరోసర్జరీలో ఉన్నాను. స్కాన్ చూడకుండా మీ నాన్నగారి విషయంలో తీర్పు చెప్పను. ఇలాంటి కేసు వస్తే మేం ఎలా ఆలోచిస్తామో చెప్తాను.

వెన్నుపాము చుట్టూ డ్యూరా అని గట్టి పొర ఉంటుంది. ఆ పొరకీ ఎముకకీ మధ్య సన్నని ఖాళీ, దాన్నే ఎపిడ్యూరల్ ఖాళీ అంటాం, అందులో కొంచెం కొవ్వు, సిరల వల. ఈ సిరలకు కవాటాలు ఉండవు. అందుకే గట్టిగా దగ్గినా, ముక్కినా, బరువెత్తినా కడుపులో పెరిగిన ఒత్తిడి నేరుగా వాటిలోకి వెళ్తుంది. రక్తం పలచబడే మందులు వాడేవారిలో అక్కడ ఎక్కడైనా చిట్లితే కారడం ఆగదు. చాలామందిలో ఏ దెబ్బా తగలదు, కారణం కూడా దొరకదు. తనంతట తాను వచ్చే రకం ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికి వస్తుందని అంచనా, అంత అరుదు.

నడుము దగ్గర ఎల్1, ఎల్2 పూసల కింద వెన్నుపాము ఉండదు, నరాల పోగులే ఉంటాయి, కాస్త చోటు ఉంటుంది. మీ నాన్నగారికి వచ్చింది ఛాతీ వెనక భాగంలో. అక్కడ పూసల లోపలి దారి ఇరుకు, అందులో వెన్నుపాము. నలిగిన వెన్నుపాము పక్కన ఏ పరికరం కాస్త ఎక్కువ తగిలినా నష్టమే. పైగా మూత్రం ఆగిపోయింది, కాలు పడిపోతోంది. ఆ సమయంలో ఏ సర్జన్ అయినా తన చేతికి బాగా అలవాటైన దారిలోనే వెళ్తాడు, తప్పు కూడా కాదు. దీన్ని మొదటిసారి ఆపరేషన్ చేసి తీసింది 1897లో. పూస వెనక ఎముక తీసి ఒత్తిడి తగ్గించడం అప్పటినుంచీ ప్రామాణిక పద్ధతి.

తోకచుక్క
పదునుకత్తి గారూ, 1897 నుంచి చేస్తున్నారు కాబట్టి ఇప్పుడూ అదే చేయాలనడం ఏం వాదన అండీ? ట్యూబ్ పెట్టి, ఎండోస్కోప్ పెట్టి ఎపిడ్యూరల్ గడ్డలు తీసిన కేసులు వైద్య పత్రికల్లో బోలెడు వచ్చాయి. రెండు రంధ్రాల పద్ధతి వీడియోలు కూడా చూశాను. ఒక దాంట్లో కెమెరా, ఇంకో దాంట్లో పరికరం. చాలా చోట్ల పాత పద్ధతే చేయడానికి కారణం అక్కడ కొత్తది రాకపోవడమే. అది ఒప్పుకోడానికి మొహమాటం ఎందుకు?

పదునుకత్తి
మొహమాటం ఏం లేదు. మీరన్నదాంట్లో సగం నిజమే. ఆ పరికరాలు లేనిచోటా, అలవాటు లేనివాళ్ల చేతుల్లోనూ పెద్ద కోతే జరుగుతుంది. కానీ మీరు చూసిన కేసు రిపోర్టులన్నీ బాగా జరిగినవి. చెడిపోయినవి ఎవరూ పనిగట్టుకుని రాయరు. రెండు పద్ధతుల్నీ లాటరీ వేసి పోల్చేంత మంది రోగులు కూడా ఈ జబ్బుకి దొరకరు.

శేషు_మాట
నా కేసు చెప్తా. నడుములో డిస్క్ ఆపరేషన్ చేయించుకున్నా, అదీ చిన్న రంధ్రంతోనే. మర్నాటి రాత్రికి రెండు కాళ్లూ మొద్దుబారాయి. కూర్చునే చోట స్పర్శ లేదు. లోపల రక్తం చేరిందన్నారు. అదే రంధ్రంలోంచి ట్యూబ్ పెట్టి మళ్లీ తీసేశారు, కొత్త కోత లేదు. మూడో రోజు నడిచా. కాబట్టి రంధ్రంతో కుదరదు అనేది అబద్ధం.

పదునుకత్తి
శేషు గారూ, కుదరదని నేను ఎక్కడ అన్నాను? మీ కేసు అందుకు సరైన ఉదాహరణ. నడుము భాగం, ఒకే పూస ఎత్తు, దారి ముందే తెరిచి ఉంది, రక్తం ఎక్కడుందో తెలుసు. ఇలాంటివే ట్యూబ్‌కి బాగా లొంగుతాయి.

పద్ధతి తెలియనివాళ్ల కోసం: సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పు గొట్టాన్ని కండరాన్ని కోయకుండా, పోగులు పక్కకి జరుపుతూ పూస దాకా దింపుతాం. మైక్రోస్కోప్ కింద ఒక పక్క ఎముక మాత్రమే కొంత తొలిచి గడ్డ తీస్తాం. గొట్టాన్ని వాల్చి అవతలి వైపుకీ చేరుకోవచ్చు. వెనక ముల్లు ఎముక, రెండో వైపు కండరం చెక్కుచెదరవు. రక్తం తక్కువ పోతుంది, నొప్పి తక్కువ, తర్వాత వెన్ను వంగిపోయే భయమూ తక్కువ. పిల్లల్లో, మెడ భాగంలో ఈ లాభం నిజంగా పెద్దది. ఛాతీ భాగంలో పక్కటెముకలు పట్టి ఉంచుతాయి కాబట్టి రెండు మూడు పూసల వెనక భాగం తీసినా వెన్ను అంత తేలిగ్గా వంగదు.

సాయంత్రపుగాలి
డిశ్చార్జ్ కాగితం చూసి రాస్తున్నాను. ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) 5.2 ఉందట. గడ్డ నాలుగు పూసల పొడవునా ఉంది. దాన్ని బట్టి ఏమన్నా తేలుతుందా?

నిద్రమాత్ర
మత్తు డాక్టర్‌ని. ఆ 5.2 చూశాక నాకు కోత సైజు మీద ఆసక్తి పోయింది. సాధారణంగా 1.5 కన్నా కిందికి తెచ్చాకే కత్తి పెట్టనిస్తాం. విటమిన్ కె ఇంజెక్షన్ ఒక్కటే ఇస్తే పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. ప్లాస్మా అయితే చాలా ఎక్కించాలి, 71 ఏళ్ల గుండెకి అది భారం. ప్రోథ్రాంబిన్ కాంప్లెక్స్ అని రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే మందు పొడి రూపంలో వస్తుంది, కరిగించి ఎక్కిస్తే నిమిషాల్లో ఐఎన్ఆర్ దిగుతుంది. దానికి తోడుగా విటమిన్ కె. మీ కాగితంలో ఇది ఉందేమో చూడండి. తెల్లారేలోపు ఆపరేషన్ అయిందంటే ఎవరో బాగానే పరిగెత్తారు.

పల్చబడిన రక్తంతో రంధ్రం ఆపరేషన్ ఇంకా కష్టం. చిన్న దారిలో కారుతుంటే ఎక్కడినుంచి కారుతోందో కనపడదు.

తోకచుక్క
ఎండోస్కోప్‌లో సెలైన్ నీళ్లు నిరంతరం పారుతుంటాయి కదా, రక్తాన్ని కడిగేస్తూ చూపు స్పష్టంగా ఉంచుతాయి.

నిద్రమాత్ర
నీళ్ల ఒత్తిడి ఉన్నంతసేపు సిర నోరు మూసుకుని కూర్చుంటుంది. నీళ్లు ఆపగానే తెరుచుకుంటుంది. అప్పటికి మీరు కుట్టు వేసి బయటికొచ్చి ఉంటారు. అదే నీళ్లు బయటికి పోయే దారి సరిగా లేకపోతే ఎపిడ్యూరల్ ఖాళీలో ఒత్తిడి పెరిగి మెడనొప్పి, తలనొప్పి, అరుదుగా ఫిట్స్ కూడా వస్తాయి. ముందే నలిగి ఉన్న వెన్నుపాముకి ఆ ఒత్తిడి కూడా తోడవ్వాలా? చేయి తిరిగినవాళ్లు దీన్ని అదుపులో పెట్టగలరు, కాదనను.

లెక్కలమాస్టారు
అసలు కోయడం దేనికి? రక్తమే కదా, సూదితో లాగేయొచ్చు. లేదా స్ట్రోక్ వచ్చినవాళ్లకి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు, అది ఇస్తే సరిపోదా?

ఫిల్మ్‌రీడర్
మాస్టారూ, రెండో ప్రశ్న ప్రాణాంతకం, ముందు దానికి జవాబు. స్ట్రోక్‌లో గడ్డ రక్తనాళం లోపల ఉండి దారి మూస్తుంది, కరిగిస్తే దారి తెరుచుకుంటుంది. ఇక్కడ రక్తం నాళం దాటి బయటికి కారింది. కరిగించే మందు ఇస్తే చిట్లిన చోట పడిన మూత కూడా కరిగి ఇంకా కారుతుంది. ఊరికే భయపెట్టడం లేదు. మెడ భాగంలో గడ్డ ఒక పక్కకి నొక్కితే ఒకే వైపు చేయి, కాలు పడిపోతాయి, అచ్చం స్ట్రోక్ లాగే. అలా పొరబడి ఆ ఇంజెక్షన్ ఇచ్చిన కేసులు ప్రచురితమయ్యాయి. తేడా ఏంటంటే ముఖం వంకర పోదు, మాట తడబడదు, దాదాపు ఎప్పుడూ మొదట మెడలో భరించలేని నొప్పి వస్తుంది. మెడనొప్పితో మొదలైన స్ట్రోక్ కనిపిస్తే నేను మెడ కూడా స్కాన్ చేయమంటాను.

ఇక సూది. తాజా గడ్డ జెల్లీలా ఉంటుంది, సూదిలోంచి రాదు. కొన్ని రోజులు గడిచి నీళ్లయ్యాక సీటీ చూసుకుంటూ సూదితో లాగిన సందర్భాలున్నాయి. ఆపరేషన్ అయిన వెంటనే డ్రెయిన్ (రక్తం బయటికి పోవడానికి పెట్టే గొట్టం) మూసుకుపోయి చేరిన పల్చటి రక్తాన్ని మంచం దగ్గరే సూదితో తీసిన సర్జన్లూ ఉన్నారు. కానీ కాళ్లు పడిపోతున్న మనిషికి గడ్డ నీళ్లయ్యేదాకా ఆగలేం.

గడుగ్గాయి
మాస్టారూ ఇంజెక్షన్ మీద చేయి తీసేయండి.

లెక్కలమాస్టారు
తీశాను. తెలియక అడిగా, అడిగినందుకు నలుగురికీ తెలిసింది.

వానచినుకు
అందరూ ఆపరేషన్ ఆపరేషన్ అంటున్నారు. మా అత్తయ్యకి ఇదే వచ్చింది, మెడ కింద. నొప్పి, చేతిలో తిమ్మిరి. ఆపరేషన్ అన్నారు, థియేటర్ సిద్ధం చేసేలోపే చేతికి బలం వచ్చేసింది. ఐసీయూలో పెట్టి గంటగంటకీ చేయి, కాలు పరీక్ష చేశారు. కొన్ని రోజుల తర్వాత ఎంఆర్ఐలో గడ్డ చాలావరకు పోయింది. కోత లేదు, రంధ్రమూ లేదు. మీవాళ్లు ఆ ఛాన్స్ ఇచ్చారా?

పదునుకత్తి
మీ అత్తయ్యగారిది మంచి నిర్ణయం. లక్షణాలు తేలికగా ఉండి, మొదటి కొన్ని గంటల్లోనే స్పష్టంగా తగ్గుముఖం పట్టినవాళ్లని ఇలా గమనిస్తూ ఉంచొచ్చు. గడ్డ పైకీ కిందికీ పరుచుకుని పలచబడటం వల్లో, పూసల మధ్య రంధ్రాల్లోంచి కొంత బయటికి పోవడం వల్లో ఒత్తిడి దానంతటదే తగ్గుతుందని అనుకుంటున్నారు. అయితే ఆపరేషన్ టీమ్ పక్కనే సిద్ధంగా ఉండాలి. సాయంత్రపుగాలి గారి నాన్నగారు గంటగంటకీ దిగజారుతున్నారు. ఆ ఇద్దరినీ ఒకే త్రాసులో వేయొద్దు.

శేషు_మాట
సరే డాక్టరు గారూ, నాలుగు పూసల గడ్డ రంధ్రంతో అయ్యేదా కాదా? సూటిగా చెప్పండి.

పదునుకత్తి
సూటిగా: కొన్ని చోట్ల, కొందరి చేతుల్లో అయ్యేది.

పొడవాటి గడ్డకి మధ్యలో ఒకటో రెండో చోట్ల చిన్న కిటికీ తెరిచి, అందులోంచి కాథెటర్ అనే సన్నని మెత్తటి గొట్టాన్ని ఎపిడ్యూరల్ ఖాళీలోకి పైకీ కిందికీ జాగ్రత్తగా పంపి, సెలైన్‌తో కడుగుతూ గడ్డని బయటికి రప్పిస్తారు. మెడ నుంచి నడుము దాకా పాకిన గడ్డలకి వెన్నంతా తెరవలేరు కాబట్టి అక్కడ ఇదే దిక్కు. గడ్డ వెనక వైపు ఉండాలి, తాజాగా మెత్తగా ఉండాలి. ముందు వైపు ఉంటే, లేదా కొన్నాళ్లై పొరకి అతుక్కుపోయి ఉంటే కుదరదు. కాథెటర్ కళ్లు మూసుకుని దూరుస్తున్నట్టే, చివర ఏం తగులుతోందో కనపడదు. లోపల రక్తనాళాల ముడి లాంటిది ఏదైనా ఉందని స్కాన్‌లో అనుమానం వస్తే నేనైతే వెడల్పుగా తెరిచి కంటితో చూసే చేస్తాను.

నాలుగు పూసలు, ఛాతీ భాగం, అర్ధరాత్రి, 5.2 ఐఎన్ఆర్. నేనున్నా అదే కోత కోసేవాడిని, నాకు ట్యూబ్ పద్ధతి వచ్చు కూడా.

తోకచుక్క
పోనీ ఆ రాత్రి ఎండోస్కోపీ ఉన్న చోటికి పంపించి ఉండొచ్చు కదా?

పదునుకత్తి
ఇక్కడే మీతో నేను ఏమాత్రం కలవను. 1995లో లాటన్ బృందం ఆపరేషన్ అయిన 30 మంది ఫలితాలు రాసింది. 12 గంటల్లోపు ఒత్తిడి తీసేసినవాళ్లు మెరుగ్గా కోలుకున్నారు. ఆ మరుసటి ఏడు గ్రోయెన్, వాన్ ఆల్ఫెన్ తనంతట తాను వచ్చిన గడ్డల కేసులన్నీ కలిపి చూసి, పూర్తిగా పడిపోయినవారికి 36 గంటలు, కొంత కదలిక మిగిలినవారికి 48 గంటలు అని గీత గీశారు. ఇంకా ముందే చేయాలని తర్వాత చాలామంది అన్నారు. గంటల లెక్కలో గొడవ ఉంది కానీ ఎంత త్వరగా అయితే అంత మంచిదనేదాంట్లో లేదు. ఇంకో ఊరికి అంబులెన్స్, అక్కడ మళ్లీ స్కాన్, మళ్లీ రక్త పరీక్షలు. రెండు అంగుళాల చర్మం మిగులుతుందని వెన్నుపాముని అన్ని గంటలు నలగనివ్వమంటారా?

తోకచుక్క
అలా పెడితే ఇంకేం మాట్లాడతాం. కానీ 36 గంటలని రాసినవాళ్లున్నప్పుడు రెండు గంటల ప్రయాణంతో కొంపలేమీ మునగవు అనేది నా పాయింట్, అది అలాగే ఉంచండి.

రాత్రిడ్యూటీ
స్పైన్ వార్డులో నర్సుని. ఆ రెండు గంటల్లో మంచం పక్కన నిలబడేది మేము. షిఫ్ట్ మొదట్లో కాలి వేళ్లు ఆడించిన మనిషి టీ తాగొచ్చేసరికి ఆడించలేకపోవడం చూశాను. 36 గంటలు అనేది ఎంతమందినో కలిపి తీసిన లెక్క, ముందున్న మనిషికి ఎంత టైముందో అది చెప్పదు.

సాయంత్రపుగాలి గారూ, ఆపరేషన్ తర్వాత కూడా మళ్లీ రక్తం చేరొచ్చు. కొత్తగా పెరిగే నొప్పి, కాళ్లలో బలం తగ్గడం, మలవిసర్జన చోట స్పర్శ పోవడం, వీటిలో ఏది కనిపించినా ఉదయం ఓపీ దాకా ఆగకండి. మామూలు కుట్ల నొప్పి రోజురోజుకీ తగ్గుతుంది, ఇది పెరుగుతుంది.

నిద్రమాత్ర
ఇది మా వృత్తికి కూడా పీడకలే కాబట్టి ఒక మాట. వెన్నులో మత్తు ఇచ్చేటప్పుడు, ఎపిడ్యూరల్ గొట్టం పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కూడా ఇది రావచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ రకం ఇంజెక్షన్లతో కలిసి వస్తోందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో హెచ్చరించింది. 2013లో మళ్లీ గంటలు చెప్పింది: ఆ రకానిదే అయిన ఎనాక్సాపారిన్ నివారణ డోసు తర్వాత కనీసం 12 గంటలు, ఎక్కువ డోసు అయితే 24 గంటలు ఆగాకే గొట్టం పెట్టాలి, తీయాలి. తీశాక తర్వాతి డోసుకి కనీసం 4 గంటలు. కాబట్టి ఏ ఆపరేషన్‌కి వెళ్లినా వాడే మాత్రలన్నీ మత్తు డాక్టర్‌కి చెప్పండి. "అవి గుండెవి లెండి, వాటికీ దీనికీ సంబంధం లేదు" అనే పేషెంట్లు నాకు వారానికొకరు తగులుతారు.

గడుగ్గాయి
మీ హ్యాండిల్ చూసి మీరు పేషెంట్ అనుకున్నా ఇన్నాళ్లూ.

వెన్నుదన్ను
ఫిజియోథెరపిస్ట్‌ని. బావగారి రంధ్రం సంగతి వదిలేసి నాన్నగారి కాళ్ల సంగతి చూద్దాం. ఆపరేషన్ ముందు కొంతైనా కదలిక, స్పర్శ ఉన్నవాళ్లు ఎక్కువ కోలుకుంటారు, ఆయనకి ఎడమకాలు కదిలినట్టే ఉంది. నెలలోపే వాకర్ పట్టారంటే మంచి గుర్తు. మెరుగుదల నెలల తరబడి సాగుతుంది, మొదటి ఆరు నెలల్లో ఎక్కువ. మూత్రం సాధారణంగా కాళ్లకన్నా వెనకబడుతుంది. శాశ్వతంగా గొట్టం ఉంచే బదులు వేళకి ఒకసారి పెట్టి ఖాళీచేసి తీసేసే పద్ధతి గురించి యూరాలజిస్ట్‌ని అడగండి, ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి. మడమల మీద, పిరుదుల మీద పుండ్లు పడకుండా చూడండి. స్పర్శ తక్కువగా ఉంటే ఆయనకి తెలియదు.

సాయంత్రపుగాలి
అందరికీ దండాలు. ప్రోథ్రాంబిన్ అని కాగితంలో ఉంది, ఇచ్చారట. ఎడమకాలు కొంచెం ఆడించగలిగారు, నిజమే. ఇంకో సందేహం, వార్ఫరిన్ ఇప్పుడు ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టాలంటే భయం, ఆపేస్తే స్ట్రోక్ వస్తుందని ఇంకో భయం.

పదునుకత్తి
దీనికి అందరికీ ఒకటే జవాబు లేదు. గుండెలో లోహపు కవాటం ఉన్నవాళ్లకి త్వరగా మొదలుపెట్టక తప్పదు, వాళ్లకి వార్ఫరిన్ బదులు రక్తం పలచబడే కొత్త మాత్రలు కూడా పనికిరావు. లయ తప్పడం మాత్రమే ఉంటే సాధారణంగా కొన్ని వారాలు ఆగే వీలుంటుంది. కార్డియాలజిస్ట్, సర్జన్ ఇద్దరూ కలిసి తేదీ చెప్పాలి, ఒకరిని అడిగి ఇంకొకరికి చెప్పకుండా ఉండకండి. రెండూ ప్రమాదమే అనిపిస్తే గుండెలో గడ్డలు కట్టే చోటైన ఎడమ కర్ణిక సంచిని లోపలినుంచి మూసే పరికరం గురించి కూడా అడగొచ్చు. అన్నిటికన్నా ముందు ఐఎన్ఆర్ 5.2 దాకా ఎందుకు పోయిందో కనుక్కోండి. యాంటీబయాటిక్ ఏమైనా వాడారా?

సాయంత్రపుగాలి
వాడారు! గొంతు ఇన్ఫెక్షన్ అని, దానికి ముందు వారం. ఫంగస్‌కి కూడా ఏదో మాత్ర.

నిద్రమాత్ర
ఫ్లూకోనజోల్ అయితే అదే అనుమానితుడు. వార్ఫరిన్‌ని శరీరం విరిచేయకుండా అడ్డుపడుతుంది. కార్డియాలజిస్ట్‌కి ఆ చీటీ చూపించండి.

శేషు_మాట
బావగారికి ఈ దారం లింకు పంపండి.

గడుగ్గాయి
చదవరు. పెద్దదైతే వద్దంటారు, చిన్న రంధ్రం సైజులో రాయాలి.

లెక్కలమాస్టారు
ఫిల్మ్‌రీడర్ గారూ, ఆ స్టేపుల్స్ ఉండగా మళ్లీ ఎంఆర్ఐ తీయొచ్చా? రక్తనాళాల ముడి ఉందేమో చూడాలని పదునుకత్తి గారన్నారు కదా.

ఫిల్మ్‌రీడర్
చర్మం స్టేపుల్స్‌లో చాలావాటికి ఎంఆర్ఐ చేయొచ్చు, సిబ్బందికి ముందే చెప్పాలి, అక్కడ వేడిగా అనిపిస్తే వెంటనే అనాలి. ఈపాటికి తీసేసి ఉంటారులెండి. తాజా రక్తం ఉన్నప్పుడు చిన్న ముడులు దాని వెనక దాక్కుంటాయి, అందుకే గడ్డ పోయాక కాంట్రాస్ట్ మందు ఎక్కించి ఇంకోసారి తీస్తే మంచిది. వార్ఫరిన్ లాంటి స్పష్టమైన కారణం లేనివాళ్లలో, ముఖ్యంగా చిన్న వయసువాళ్లలో, యాంజియోగ్రామ్ (రక్తనాళాల్లోకి మందు పంపి తీసే ఎక్స్‌రే) దాకా వెళ్తాం. ఇక్కడ ఐఎన్ఆరే కారణం చెప్తోంది కాబట్టి అంతదూరం అవసరమా లేదా అనేది వాళ్ల సర్జన్ చూసుకుంటారు. పాత ఎంఆర్ఐ సీడీ మాత్రం పట్టుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తే పోల్చడానికి ఏమీ ఉండదు.